చదివి తడిపిన కాగితం

ఏప్రిల్ 14 దాటిన మర్నాడు పొద్దున్నే వీధిలోకి వస్తే బాబాసాహెబ్ ముఖం నేల మీద కనబడుతుంది. ముందురోజు మనం పంచిన కరపత్రమే అది. మనం కట్టిన కాగితపు జెండానే అది. ఊరేగింపు అయిపోయింది, ఉపన్యాసాలు అయిపోయాయి, పులిహోర పొట్లాలు అయిపోయాయి. కాగితం మిగిలింది. కొంత రోడ్డు పక్కన, కొంత మురిక్కాలువలో, కొంత మేకల నోట్లో. ఈ దృశ్యాన్ని శ్రీకాకుళంలో చూశాం, హైదరాబాదులో చూశాం, ఇప్పుడు బంగాళాఖాతం నడుమ అండమాన్ దీవుల్లోనూ చూస్తున్నాం.

మేము పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్న కొన్ని తెలుగు కుటుంబాలం. 2024 సెప్టెంబరు నుంచి ఈ ఊరి పేరు శ్రీ విజయ పురం. మా నోటికి ఇంకా పాత పేరే వస్తోంది. ఆదివారం సాయంత్రాలు ఒకరింటి వరండాలో కూర్చుని త్రిశరణం, పంచశీల చెప్పుకుంటాం. పిల్లల చేత నాలుగు పేజీలు చదివిస్తాం. మాలో వేటకు వెళ్లేవాళ్లున్నారు, తాపీ పనివాళ్లున్నారు, ఒకరిద్దరు చిరుద్యోగులున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందమందిలో పదముగ్గురికి తెలుగు మాతృభాష. మాలాగే ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు వారిలో ఎందరో.

ఒక ఏడాది ఏప్రిల్ 15న మాలో పెద్దావిడ, మేమంతా మామ్మ అని పిలిచే ఆమె, గోనెసంచి భుజాన వేసుకుని వీధివీధీ తిరిగింది. కాలువలోవి కూడా వదల్లేదు. ఏరిన ప్రతి కాగితాన్నీ కొంగుతో తుడిచి సంచిలో వేసింది. ఆమెకు చదువు రాదు. అందులో ఏం రాసుందో తెలియదు. బొమ్మ మాత్రం తెలుసు. ఆదివారం ఆ సంచిని మా మధ్యకు తెచ్చి పెట్టి, "ఇప్పుడు దీన్నేటి సెయ్యాలో మీరే సెప్పండి బాబూ" అంది.

ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఈ వ్యాసం ఆ సంచి గురించే.

నాలుగు దారులు

ఒక కుర్రవాడు, సముద్రంలో కలిపేద్దాం అన్నాడు. వెంటనే ఇంకొకరు అడ్డుపడ్డారు: వినాయకుడిని నిమజ్జనం చేసే పద్ధతి వదిలి వచ్చాం కదా, అదే పనిని మళ్లీ బాబాసాహెబ్ పేరుతో మొదలుపెట్టడమా? ఆ వాదన తేలకముందే వేటకు వెళ్లే తమ్ముడు ఒకే మాటతో దాన్ని ముగించాడు: "సముద్రంలో ఏస్తే రేపు నా వల్లోకే వత్తాది."

కాల్చేద్దాం అన్నారు మరొకరు. మామ్మ ముఖం ఎర్రబడింది. "మనువు పుస్తకం కాల్సినాడు ఆయన. ఆయన బొమ్మనే కాలుత్తావా?" అంది. 1927 డిసెంబరు 25న మహాద్‌లో జరిగిన దహనం గురించి ఆమె చదవలేదు. విన్నది. విన్నది చాలు. ఆ మంటలో వేసింది మనుషులను మనుషులు కాకుండా చేసిన శాసనాన్ని. మంటకు ఒక అర్థం వచ్చాక, అదే మంటలో ఏదిబడితే అది వేయలేం.

దాచిపెడదాం అన్నవారు ఎక్కువమంది. అది అందరికీ నచ్చింది, ఎందుకంటే దాచడం అంటే ఏమీ తేల్చకపోవడం. సంచిని మామ్మ ఇంటి అటక మీద పెట్టాం.

నాలుగో దారి మామ్మకే తెలుసు, కానీ నోరు విప్పలేదు. మన ఊళ్లలో పాత కాగితాలతో అమ్మమ్మలు, నాయనమ్మలు ఏం చేసేవారో గుర్తుందా? నానబెట్టి, మెంతులతో కలిపి రోట్లో దంచి, ఆ గుజ్జుతో తట్టలూ బుట్టలూ చేసేవారు. చిల్లులు పడ్డ వెదురు చేటకు అదే గుజ్జు మెత్తి మరో రెండేళ్లు నడిపించేవారు. ఆ పనిలో మామ్మ చేయి తిరిగిన మనిషి. మాలో ఒకమ్మాయి ఆ సంగతి గుర్తుచేసేసరికి మామ్మ అన్న మాట మేము మరచిపోలేదు: "ఆయన మొకాన్ని రోట్లో ఏసి దంచమంటావేటే గుంటా?"

అసలు ప్రశ్న అక్కడుంది. గౌరవించవలసిన దాన్ని ముక్కలు చేసి, తడిపి, దంచి, ఇంకో వస్తువుగా మార్చవచ్చా? అది కళ అవుతుందా, అపచారం అవుతుందా?

కళ్ళకద్దుకున్న చేతులు

కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకోవడం తెలుగు ఇళ్లలో పసితనం నుంచీ నేర్పే అలవాటు. కాగితం సరస్వతి అంటారు. అలవాటు అందంగానే ఉంటుంది. కానీ మనం ఒక సంగతి అడగాలి. కాగితాన్ని కళ్ళకద్దుకున్న ఆ చేతులు మన తాతలకు పలక ఇచ్చాయా? మామ్మ అన్నను చిన్నప్పుడు బడిలో గుమ్మం బయట కూర్చోబెట్టారట. లోపలి పిల్లల పుస్తకం గాలికి ఎగిరి అతని పక్కన పడితే, వాడు ముట్టుకున్నాడని దాన్ని నీళ్లు చల్లి తీసుకున్నారట. కాగితం పవిత్రమైనకొద్దీ, దాన్ని ముట్టకూడని మనిషి ఎవరన్నది కూడా తేల్చుకుంటూ వచ్చారు.

వస్తువుకు పవిత్రత పుట్టుకతోనే వచ్చిందని నమ్మే చోట, మనిషికీ పుట్టుకతోనే మలినం అంటగడతారు. తలకు పెట్టుకునేది గొప్ప, కాలికి తొడిగేది నీచం. పురుష సూక్తంలో సమాజాన్ని ఒక శరీరంగా చెప్పి, ముఖం నుంచి ఒకరిని, పాదాల నుంచి ఒకరిని పుట్టించిన ఊహ ఇదే. మనం ఆ ఊహను వదిలి వచ్చినవాళ్లం. మరి కాగితం దగ్గరికి వచ్చేసరికి దాన్నే మళ్లీ వెంట తెచ్చుకుంటున్నామా?

మధ్య ఆసియాలో తుర్ఫాన్ దగ్గర ఆస్తానా అనే శ్మశానం ఉంది. మూడో శతాబ్దం నుంచి ఎనిమిదో శతాబ్దం దాకా అక్కడ పాతిపెట్టిన మృతులకు టోపీలు, నడుం పట్టీలు, చెప్పులు కాగితంతో చేసి తొడిగారు. అది కొత్త కాగితం కాదు. కచేరీల్లో పని తీరిపోయిన రాతలు, అప్పు పత్రాలు, లెక్కల చిట్టాలు. పొడి ఎడారి నేల కాబట్టి అవి చెడలేదు. ఇరవయ్యో శతాబ్దంలో పండితులు ఆ చెప్పుల కుట్లు విప్పి, పొరలు పరిచి, ఆ కాలపు మామూలు జనం బతుకును చదివారు. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో, ఎవరి పొలం ఎంతో అందులో ఉంది. ఒకే రాత ఒక చోట టోపీ అయింది, మరో చోట చెప్పు అయింది. తలకెక్కినందుకు దాని విలువ పెరగలేదు, కాలికి తొడిగినందుకు తగ్గలేదు. చెప్పులు కుట్టిన చేతుల వారసులం మనలో ఎందరమో ఉన్నాం. ఆ కాగితపు చెప్పులు మనకు చాలా చెబుతాయి.

కాగితానికి పుట్టుక లేదు

కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. క్రీ.శ. 105లో చైనా ఆస్థానంలో ఉద్యోగి అయిన చై లున్ కాగితం తయారీని మెరుగుపరిచి చక్రవర్తికి నివేదించాడని అక్కడి చరిత్ర గ్రంథం చెబుతుంది. అంతకుముందే కాగితం ఉందని తవ్వకాలు తేల్చాయి, అది వేరే విషయం. ఆయన వాడిన సరుకు చూడండి: చెట్టు బెరడు, నార పీలికలు, చింకిగుడ్డలు, పాత చేపల వలలు. చెత్తకుప్ప మీద దొరికే గుడ్డలతో చీవరం కుట్టుకునే భిక్షువును పాంసుకూలికుడు అంటాం. కాగితం కూడా ఆ కోవలోదే. ఈ మాట చెబితే మా వేట తమ్ముడు, "అయితే నా పాత వల కూడా పుస్తకం అవుద్దన్నమాట" అని నవ్వాడు. అవుతుంది.

కాగితాన్ని కాగితంగా నిలిపేది జిగురు కాదు. నీటిలో తేలే పీచులు, నీరు దిగిపోతున్నకొద్దీ ఒకదాన్నొకటి పెనవేసుకుని పట్టుకుంటాయి. ఏ ఒక్క పీచూ కాగితం కాదు. పీచుల్ని తీసేస్తే మిగిలే కాగితమూ లేదు. అనత్తను పుస్తకంలో చదివితే తల తిరుగుతుంది. బకెట్లో నానిన కాగితంలో చేయి పెడితే వేళ్లకే తెలుస్తుంది.

అందుకే దీనితో ఇన్ని పనులు. మడిస్తే మడత గుర్తుంచుకుంటుంది, పడవ అవుతుంది. సన్నగా ఉంటే గాలికి లేస్తుంది, గాలిపటం అవుతుంది. వెలుగును అడ్డుకోకుండా వడగడుతుంది, వైశాఖ పున్నమి లాంతరు అవుతుంది, క్రైస్తవుల ఇళ్ల ముందు నక్షత్రం అవుతుంది. కత్తెరకు లొంగుతుంది, పెళ్లిపందిట్లో తోరణం అవుతుంది. పొరమీద పొర అంటిస్తే అట్టకట్టి గట్టిపడుతుంది, ముసుగు అవుతుంది. తడిపితే మడతలన్నీ మరచిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. తాటాకు ఇన్ని రూపాలు ఎత్తలేదు, రాయి అసలే ఎత్తలేదు. గుర్తుంచుకోవడమూ మరచిపోవడమూ రెండూ తెలిసిన వస్తువు కాగితం.

మామ్మ పెట్టె

ఇంతవరకు చెప్పింది విని, అయితే మామ్మది వట్టి మమకారం, అనిచ్చను అర్థం చేసుకోలేకపోవడం అని తేల్చేయడం తేలిక. మాలో చదువుకున్న కుర్రవాళ్లు ఆ మాటే అన్నారు. మేము ఒప్పుకోలేదు.

మామ్మ ఇంట్లో ఒక రేకుపెట్టె ఉంది. అందులో పాలిథిన్ సంచిలో చుట్టి నాలుగు కాగితాలున్నాయి. ఒకటి కొడుకు బడి విడిచినప్పటి పత్రం. ఒకటి రేషన్ కార్డు. ఒకటి ఓడ టికెట్టు, ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు. నాలుగోది శ్రీకాకుళంలో ఇచ్చిన కులం పత్రం. ఆ నాలుగోదాని సంగతి మెయిన్‌ల్యాండ్ పాఠకులకు చెప్పాలి. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ కులాల జాబితా ఒక్కో రాష్ట్రానికి, ఒక్కో కేంద్రపాలిత ప్రాంతానికి విడివిడిగా ఉంటుంది. అండమాన్ నికోబార్‌కు ఆ జాబితాయే లేదు. 2011 లెక్కల్లో ఈ దీవుల షెడ్యూల్డ్ కులాల జనాభా సున్న. మూడు రోజులు ఓడలో వచ్చి దిగిన మనిషి, దిగగానే లెక్కలో లేకుండా పోతాడు. వెంట వచ్చిన అవమానం మాత్రం ఓడ దిగకుండా ఉండదు. పెళ్లి సంబంధం మాట్లాడినప్పుడు, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు అది తలుపు తీస్తుంది.

బౌద్ధం స్వీకరించిన మనవాళ్లకు ఎస్సీ హోదా చట్టంలో చేరింది 1990లో. దీక్షాభూమి నుంచి లెక్కేస్తే 34 ఏళ్లు. ఒక వాక్యం కాగితం మీదికి రావడానికి అన్నేళ్లు పట్టింది. 2004 డిసెంబరు 26న సునామీ ఈ దీవుల మీద పడ్డప్పుడు ప్రాణాలతో మిగిలినవాళ్లు తరవాత వెతుక్కున్న వాటిలో కాగితాలూ ఉన్నాయి. ఇల్లు పోయిందని చెప్పడానికి కూడా ఇల్లుందన్న కాగితం కావాలి.

ఇలాంటి చోట బతికిన మనిషికి కాగితం తేలికైన వస్తువు కాదు. తరతరాలుగా చేతికి అందనిది అందాక, జారవిడవడానికి చేయి ఒప్పుకోదు. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలైనప్పుడు, డబ్బు చెల్లిస్తామన్నా దాని ప్రకటన వేయడానికి 'కేసరి' పత్రిక ఒప్పుకోలేదు. కాగితం మీద మన పేరు కనబడడానికే యుద్ధం చేసిన జాతి మనది. కాబట్టి మామ్మ సంకోచాన్ని మూఢత్వం అనలేం. అది చరిత్ర. కళ్ళకద్దుకునే అలవాటుకూ మామ్మ కొంగుతో తుడవడానికీ తేడా ఉంది. మొదటిది ఇంకొకరిని దూరం పెట్టే గౌరవం. రెండోది దూరం పెట్టబడినవారి గౌరవం.

కానీ ఆ గౌరవం ఏం చేయాలి? దాచడమేనా?

అటక మీద ఏమైంది

మే నెల సగం దాటాక ఈ దీవుల్లో వాన దిగుతుంది. ఇక్కడ ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం. గోడ చెమరుస్తుంది, బట్ట ఆరదు, కాగితం తనంతట తానే మెత్తబడుతుంది. వైశాఖ పున్నమి లాంతర్ల కోసం వెదురు పుల్లలు తీద్దామని అటక ఎక్కిన కుర్రవాడు సంచిని కిందికి దించాడు. విప్పితే ముక్కవాసన కొట్టింది. పై కాగితాల మీద ఆకుపచ్చ బూజు. అడుగున చెదలు. బాబాసాహెబ్ కళ్లజోడు దగ్గర ఒక చిల్లు.

మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "దాసితే పురుగులు సదివేసినాయి" అంది.

మేము ఎన్ని సూత్రాలు చెప్పినా తేలనిది ఆ ఒక్క మాటతో తేలింది. దాచడం కూడా నాశనమే, మెల్లగా జరిగేది. పైగా అందులో ఎవరి ప్రమేయమూ ఉండదు కాబట్టి ఎవరికీ తప్పు చేసినట్టు అనిపించదు.

వినయ పిటకంలో, చుళ్లవగ్గంలో ఒక సంఘటన ఉంది. తథాగతుని పరినిర్వాణం తరవాత ఆనందుడు కోశాంబికి వెళ్తాడు. ఉదయన రాజు అంతఃపుర స్త్రీలు ఆయనకు ఐదువందల వస్త్రాలు దానం ఇస్తారు. ఇన్ని బట్టలు ఈ భిక్షువు ఏం చేసుకుంటాడు, అమ్ముకుంటాడా అని రాజుకు అనుమానం వచ్చి అడుగుతాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతానంటాడు ఆనందుడు. మరి వాళ్ల పాత చీవరాలు? మంచం మీద దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు? పరుపు గలేబులు. అవి పాతబడితే నేలమీద పరుపులు. అవీ పోతే కాళ్లు తుడుచుకునే గుడ్డలు. తరవాత దుమ్ము దులిపేవి. చివరికి? ముక్కలు చేసి, మట్టిలో పిసికి, నేల అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో ఐదువందల వస్త్రాలు ఇచ్చాడట.

చీవరం కంటే మనకు గౌరవమైన వస్త్రం ఏముంది? అది కాళ్లు తుడిచే గుడ్డ అవుతుందని చెప్పడానికి ఆనందుడు సంకోచించలేదు. పాదాల దగ్గరికి వచ్చినా అది పడిపోలేదు. ఇంకో పనికి వచ్చింది. గుడ్డను మట్టితో పిసికిన ఆ చేతికీ, కాగితాన్ని మెంతులతో దంచే మామ్మ చేతికీ ఏం తేడా?

మన నేల మీదే ఇంకో సాక్ష్యం ఉంది. అమరావతి శిల్పులు పాత పలకను పారేయకుండా వెనక్కి తిప్పి, రెండో వైపు కొత్త శిల్పం చెక్కారు. అలాంటి పలక ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒక ముఖాన క్రీస్తుపూర్వపు చెక్కడం, బుద్ధుడు ఉండవలసిన చోట ఖాళీ ఆసనం, బోధివృక్షం. మరో ముఖాన దాదాపు మూడు శతాబ్దాల తరవాత చెక్కిన స్తూపం. ఆ ఖాళీ ఆసనం ముందు చేతులు జోడించిన మన పూర్వీకులకు ముఖం లేకుండానే బుద్ధుడు కనబడ్డాడు. అదే అమరావతిలో, పద్దెనిమిదో శతాబ్దం చివర దిబ్బ తవ్వి రాళ్లు తీసుకుపోవడం మొదలయ్యాక, ఎన్నో పలకలు సున్నం బట్టీల్లో కాలిపోయాయి. రెండు పక్షాలూ పాత రాయినే ఇంకో పనికి వాడుకున్నాయి. కానీ పలకను తిప్పినవాడికి దాని మీద ఏముందో తెలుసు. బట్టీలో వేసినవాడికి తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు.

మాకు దారి అక్కడ దొరికింది. రూపం మార్చడంలో తప్పు లేదు. అది ఇవ్వవలసింది తీసుకోకుండా మార్చడమే తప్పు.

బకెట్లో

బూజు పట్టినవి, చెదలు తిన్నవి కొబ్బరి మొదట్లో పాతిపెట్టాం. మిగిలినవాటికి మామ్మే ఒక నియమం పెట్టింది. చింపేవాడు ముందు పైకి చదవాలి. చదవకుండా ఒక్క కాగితమూ బకెట్లో పడకూడదు. పిల్లలు వరసగా కూర్చున్నారు. ఒకే కరపత్రం కదా, నలభైసార్లు ఎందుకు అని ఒకడు గొణిగాడు. "నాను ఇనాలి" అంది మామ్మ. పదో కాగితానికి ఆమెకే కంఠతా వచ్చేసింది. ఇరవయ్యో కాగితం దగ్గర ఒక పిల్ల ఒక వాక్యం దాటేస్తే, చదువు రాని మామ్మ పట్టుకుంది: "మజ్జిలో ఒకటి మింగేసినావు."

శుభ్రంగా ఉన్న ఒక ప్రతిని చట్రం కట్టి గోడకు పెట్టాం. ఒకటి చాలు.

రెండు రోజులు నానబెట్టి నీళ్లు మార్చాం. పత్రికల కాగితం తొందరగా కరిగింది. నున్నటి కాగితం మొండికేసింది. జెండాల్లో కొన్ని అసలు కాగితమే కాదు, ప్లాస్టిక్ పూత పూసినవి. మూడో రోజు కూడా బాబాసాహెబ్ ఆ నీళ్లలో చెక్కుచెదరకుండా తేలుతూనే ఉన్నారు. వాటిని ఏం చేయాలో ఈ రోజుకీ తెలియదు, అవి ఇంకా సంచిలోనే ఉన్నాయి. మెంతులు నానబెట్టి రుబ్బాం. ఆ జిగురు పట్టు ఇస్తుంది, ఆ చేదుకు పురుగు దూరంగా ఉంటుందంటారు. రోకలి మొదట ఎవరు పట్టాలన్న దగ్గర అందరం ఆగాం. మామ్మే పట్టింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది, తరవాత దంచింది.

బోర్లించిన గిన్నెల మీద తడిగుడ్డ పరిచి గుజ్జు మెత్తాం. ఎండ లేదు. ఫ్యాను కింద, పొయ్యి పక్కన ఆరబెట్టాం. తొమ్మిది బుట్టల్లో రెండు బూజు పట్టి పోయాయి, ఒకటి ఒరిగింది. ఈ పని ఈ దీవుల్లో జనవరి నుంచి మార్చి లోపల చేసుకోవాలని నేర్చుకున్నాం. ఇంకో సంగతి. అచ్చు సిరా ఉన్న కాగితంలో తినేవి పెట్టవద్దని దేశ ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. కాబట్టి ఈ బుట్టల్లో అటుకులూ మరమరాలూ వద్దు. పిల్లల పెన్సిళ్లు, సూదీదారం, వలకు అల్లిక పుల్లలు పెట్టుకున్నాం. చేసే చేతికి ఎంత గౌరవమున్నా, వాడే మనిషికి హాని చేసే వస్తువు కుశలం కాదు.

ఒక బుట్ట అంచున ఒక చిన్న ముక్క పూర్తిగా నలగలేదు. దాని మీద ఒకే అక్షరం మిగిలింది. "ఇదేటి?" అని అడిగింది మామ్మ. "చ" అన్నాడు మనవడు. ఆ బుట్ట ఆమె దగ్గరే ఉంది. ఆమెకు వచ్చిన అక్షరాలు ఇప్పటికి ఏడు.

అందరూ ఒప్పుకున్నారని మేము చెప్పడం లేదు. మాలో ఒక పెద్దాయన ఇప్పటికీ ఆ బుట్టను ముట్టడు. ఆయన బాధను మేము తీసిపారేయం. ఆయనకు మేము చెప్పగలిగింది ఒక్కటే: మీకు నొప్పి కలిగించే పని మళ్లీ చేయవలసిన అవసరమే రాకుండా చూస్తాం.

వచ్చే ఏప్రిల్‌కు

అసలు చర్చ అక్కడికే రావాలి. కాలువలో పడ్డ కాగితాన్ని ఏం చేయాలన్న దానికంటే, అంత కాగితం కాలువలో ఎందుకు పడిందన్నది పెద్ద ప్రశ్న. కాల నిర్దేశం ఉన్న అచ్చు పుస్తకాల్లో ప్రపంచంలో ఇప్పటికి దొరికినంతలో పాతది క్రీ.శ. 868 నాటి వజ్రచ్ఛేదిక సూత్రం. ఒక కొడుకు తల్లిదండ్రుల పేరున అందరికీ ఉచితంగా పంచడానికి అచ్చు వేయించాడని దాని చివర ఉంది. అంటే అదీ ఒక కరపత్రమే. ఉచితంగా పంచడం మన ధమ్మంలో పాత సంప్రదాయం. కానీ అది చదివేవారి కోసం పంచినది. లెక్క చూపించుకోవడానికి గుట్టలుగా పంచినది కాదు.

ఈ దీవుల్లో కాగితపు మిల్లు లేదు. ప్రతి కట్టా ఓడలో వస్తుంది. అందుకని మేము కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం, మీరూ ఆలోచించండి. జెండాలు గుడ్డతో కుడతాం, ఏటేటా అవే వాడతాం. ప్లాస్టిక్ పూత ఉన్నది కొనం. కరపత్రం మీద ముఖం బదులు మాట వేస్తాం. అమరావతి ఖాళీ ఆసనం ముందు నిలబడగలిగినవాళ్లం, ముఖం లేని కాగితం ముందూ నిలబడగలం. చేతికిచ్చే ముందు చదవగలరా అని అడుగుతాం. చదవలేనివారికి ఒకరు చదివి వినిపిస్తారు. ఏప్రిల్ 15 పొద్దున్న మామ్మ ఒక్కతే కాదు, అందరం సంచులు పట్టుకుని వీధిలోకి వస్తాం. ఏరినవాటిని చదివి, తడిపి, దంచుతాం.

రేకుపెట్టెలోని నాలుగు కాగితాలు మాత్రం ఎవరూ తడపరు. వాటికి రెండో ప్రతి లేదు. ఏది ఒకే ఒక్కటో, ఏది ఎందరి దగ్గరో ఉందో గుర్తుపట్టడం కూడా సమ్మాదిట్ఠిలో భాగమే. ఆ టికెట్టు ఎందుకు దాచిందో మామ్మకు ఏదో ఒక రోజు గుర్తొస్తుంది. అప్పటిదాకా అది అక్కడే ఉంటుంది.